టోకు బేరంలో పన్ను లెక్క

నిర్మల్ కొయ్యబొమ్మలు చాలామందికి తెలుసు. పొనికి కర్రతో వాటిని చేస్తారు. ఆ కర్ర తేలికగా ఉంటుంది. చింతగింజల లప్పం పూసి, ఆరబెట్టి, రంగులు వేస్తారు. పండ్లు, కాయలు, పిట్టలు, జంతువులు చేస్తారు. చూస్తే నిజమైనవే అనిపిస్తాయి.

ఒకప్పుడు నిర్మల్ ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న ఆ పెద్ద జిల్లా నాలుగు జిల్లాలైంది. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్. జిల్లాలు వేరైనా చేతిపనులు అట్లనే ఉన్నాయి. ఉషేగాంలో ఇత్తడి కరిగించి డోక్రా బొమ్మలు పోస్తారు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తారు. ఊరూరా మహిళా సంఘాలు పచ్చళ్లు, కారప్పొడులు, కుట్టుపని చేస్తున్నాయి.

మునుపు ఈ సామాను అంగడిలో అమ్మేవారు. జాతరలో అమ్మేవారు. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నది. ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే హైదరాబాద్ నుంచి కూడా గిరాకీ వస్తున్నది.

ఫోనులో వచ్చే గిరాకీ రెండు రకాలు.

ఒకరు ఇంట్లో వాడుకోవడానికి కొంటారు. ఒక బొమ్మో, రెండు బొమ్మలో తీసుకుంటారు. అడిగిన ధర ఇస్తారు.

ఇంకొకరు మళ్లీ అమ్ముకోవడానికి కొంటారు. దీన్ని మారుబేరం అంటారు. టోకు బేరం, హోల్‌సేల్ అని కూడా అంటారు. వీరు ఒకేసారి వంద, రెండు వందల బొమ్మలు అడుగుతారు. ధర తగ్గించమంటారు. ఆ వెంటనే పన్ను మాట ఎత్తుతారు.

ఆ పన్ను మాట దగ్గరే చాలామంది అక్కలు ఆగిపోతారు. ఏం చెప్పాలో తెలియదు. దుకాణందారు చెప్పిందే నిజం అనుకుంటారు. ధర తగ్గించి ఇస్తారు. కష్టం చేసిన పైసలు పోతాయి.

అందుకే ఈ లెక్క తెలుసుకోవాలి. కష్టమైన లెక్క కాదు. కూడిక, తీసివేత వస్తే చాలు.

దుకాణందారు చెప్పే మూడు మాటలు

టోకు బేరంలో ఎక్కువగా వినిపించే మాటలు మూడు.

మొదటి మాట: "నాది హోల్‌సేల్ అక్కా. నాకు పన్ను మాఫీ ఉన్నది."

రెండో మాట: "మీకు జీఎస్టీ నంబరు లేదు. నాకు పన్ను వాపసు రాదు. ధర తగ్గించుండ్రి."

మూడో మాట: "మీకు నంబరు లేదు కాబట్టి మీ పన్ను కూడా నేనే కట్టాలె. అది మీ పైసల్ల పట్టుకుంట."

ఈ మూడింటిలో ఏది నిజం? ఏది కాదు? ఒక్కొక్కటి చూద్దాం. దానికి ముందు పన్ను ఎట్ల నడుస్తుందో తెలియాలి.

జీఎస్టీ ఎట్ల నడుస్తుంది?

దేశంలో 2017 జులై 1 నుంచి జీఎస్టీ అమలులోకి వచ్చింది. జీఎస్టీ అంటే వస్తువుల మీద, సేవల మీద వేసే పన్ను.

వస్తువు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతుంది. చేసినవారు దుకాణానికి అమ్ముతారు. దుకాణం గిరాకీకి అమ్ముతుంది. నంబరు ఉన్న ప్రతి వ్యాపారీ అమ్మేటప్పుడు పన్ను తీసుకుంటాడు. తాను కొన్నప్పుడు ఇచ్చిన పన్నును అందులోంచి తీసేస్తాడు. మిగిలింది సర్కారుకు కడతాడు.

కొన్నప్పుడు ఇచ్చిన పన్ను లెక్కలో తిరిగి కలిసిరావడాన్ని ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. ఇక్కడ దాన్ని "పన్ను జమ" అందాం.

చివరికి పన్ను భారం ఎవరి మీద పడుతుంది? ఇంట్లో వాడుకోవడానికి కొన్నవారి మీద. వారికి పన్ను జమ ఉండదు. మధ్యలో ఉన్న దుకాణం పన్నును ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో కడుతుంది.

కొయ్యబొమ్మల మీద పన్ను ముందు 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం అయింది. అంటే 100 రూపాయల బొమ్మ మీద 5 రూపాయలు.

మొదటి మాట: టోకు కొనేవారికి పన్ను మాఫీ ఉన్నదా?

మన దేశంలో అట్లాంటి మాఫీ లేదు. మళ్లీ అమ్ముకోవడానికి కొన్నా పన్ను పడుతుంది. అమ్మేవారికి జీఎస్టీ నంబరు ఉంటే, దుకాణందారు దగ్గర కూడా పన్ను తీసుకోవాల్సిందే. ఆ పన్ను అతనికి తరువాత జమ అవుతుంది. అతనికి నష్టం లేదు.

మరి ఈ మాఫీ మాట ఎక్కడి నుంచి వచ్చింది? పాతకాలం నుంచి వచ్చింది.

1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం వచ్చింది. అప్పుడు చాలా వస్తువులకు ఒకే చోట పన్ను ఉండేది. ఒకసారి పన్ను కట్టిన సరుకుకు తరువాత అమ్మినవారు మళ్లీ కట్టే పని ఉండేది కాదు. 2005 ఏప్రిల్ 1న దాని స్థానంలో వ్యాట్ వచ్చింది.

పక్క రాష్ట్రం వ్యాపారి కొంటే ఇంకో పద్ధతి ఉండేది. అతను "సీ ఫారం" అనే కాగితం ఇచ్చేవాడు. ఆ కాగితం ఉంటే తక్కువ పన్ను పడేది. 2017లో జీఎస్టీ వచ్చాక బొమ్మలు, బట్టలు, తినే సరుకుల బేరంలో సీ ఫారం పని లేకుండా పోయింది. పెట్రోలు, డీజిలు లాంటి కొన్నింటికే అది మిగిలింది.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో చివరి అమ్మకం మీదనే అమ్మకపు పన్ను వేస్తారు. మారుబేరానికి కొనే దుకాణందారు ఒక పత్రం రాసి ఇస్తాడు. "నేను మళ్లీ అమ్ముతాను, పన్ను అప్పుడు తీసుకుంటాను" అని అందులో ఉంటుంది. అమ్మినవారు ఆ పత్రం దాచిపెట్టుకుని పన్ను లేకుండా ఇస్తారు. అమెరికాలో ఉన్న చుట్టాలు ఈ సంగతి చెప్పవచ్చు. అది అక్కడి చట్టం. ఇక్కడ నడవదు.

కాబట్టి ఎవరైనా కాగితం చూపించి "నాకు పన్ను వేయకు" అంటే తొందరపడి ఒప్పుకోవద్దు. నంబరు ఉన్న అక్క పన్ను వదిలేస్తే, రేపు ఆ పన్ను ఆమే సొంత పైసలతో కట్టాల్సి వస్తుంది.

రెండో మాట: "పన్ను వాపసు రాదు, ధర తగ్గించుండ్రి"

ఇదే అసలు లెక్క. చాలామంది ఇక్కడే మోసపోతారు.

ఒక సంఘం అక్క 100 రూపాయలకు బొమ్మ అమ్ముతున్నది అనుకుందాం. దుకాణందారు దాన్ని 150 రూపాయలకు అమ్ముతాడు. ఆ 150 మీద 5 శాతం పన్ను తీసుకుంటాడు. అది 7 రూపాయల 50 పైసలు. గిరాకీ దగ్గర మొత్తం 157 రూపాయల 50 పైసలు తీసుకుంటాడు.

అక్కకు నంబరు ఉంటే:
దుకాణందారు అక్కకు ఇచ్చేది 105 రూపాయలు. (బొమ్మకు 100, పన్ను 5.)
గిరాకీ నుంచి అతనికి వచ్చేది 157.50.
సర్కారుకు కట్టేది 7.50 లోంచి 5 తీసేస్తే, 2.50.
అతనికి మిగిలేది: 157.50 లోంచి 105, 2.50 తీసేస్తే, 50 రూపాయలు.

అక్కకు నంబరు లేకపోతే:
దుకాణందారు అక్కకు ఇచ్చేది 100 రూపాయలు. పన్ను లేదు.
గిరాకీ నుంచి అతనికి వచ్చేది 157.50.
సర్కారుకు కట్టేది 7.50. పన్ను జమ లేదు.
అతనికి మిగిలేది: 157.50 లోంచి 100, 7.50 తీసేస్తే, 50 రూపాయలు.

రెండు చోట్లా మిగిలింది 50 రూపాయలే! నంబరు లేని అక్క దగ్గర కొన్నందుకు అతనికి నష్టం రాలేదు. 5 రూపాయలు వాపసు రాలేదు, నిజమే. కాని ఆ 5 రూపాయలు అతను ఇవ్వనే లేదు. ఇవ్వని పైసలు వాపసు ఎట్ల వస్తాయి?

బేరం ఇట్లా నడవవచ్చు.

"అక్కా, బొమ్మ మంచిగున్నది. గని మీకు నంబరు లేదు. నాకు అయిదు రూపాయలు వాపసు రావు. తొంభై అయిదుకు ఇయ్యుండ్రి."

"సేటూ, నేను మీకాడ అయిదు రూపాయలు పన్ను తీసుకుంటెనే గద వాపసు రావాలె? నూరంటె నూరే. దాంట్ల పన్ను లేదు. నంబరున్నోళ్లకాడ కొంటె నూట అయిదు పెట్టాలె. లెక్క చూసుకోండ్రి."

ఈ ఒక్క మాట చెప్పగలిగితే చాలు. బొమ్మకు 5 రూపాయలు నిలబడతాయి. 200 బొమ్మలకు 1,000 రూపాయలు నిలబడతాయి.

దుకాణందారు మాట ఎప్పుడు నిజం?

ఒక్కో సారి అతని మాటలో నిజం ఉంటుంది. అది కూడా తెలిసి ఉండాలి.

నంబరు ఉన్న ఇంకో అమ్మకందారు పన్ను కలిపి 105కు ఇస్తున్నారు. నంబరు లేని అక్క కూడా 105 అడిగింది. అప్పుడు దుకాణందారుకు 5 రూపాయలు నష్టమే. అక్కడ 5 జమ అవుతుంది. ఇక్కడ జమ కాదు. కాబట్టి ధర చెప్పేటప్పుడు పన్ను కలిపిన ధరతో పోల్చవద్దు. పన్ను తీసేసిన ధరతో పోల్చాలి.

కొన్ని పెద్ద కంపెనీలు నంబరు లేనివారి దగ్గర సరుకు కొనవు. అది వారి పద్ధతి. అట్లాంటి గిరాకీ కావాలంటే నంబరు తీసుకోవాలి.

నంబరు లేకపోతే అక్కకు ఏం పోతుంది?

దుకాణందారుకు నష్టం లేదని చూశాం. మరి అక్కకు? కొంచెం ఉన్నది.

రంగుల మీద 18 శాతం పన్ను ఉంది. ఒక బొమ్మకు 10 రూపాయల రంగు పడుతుంది అనుకుందాం. దాని మీద పన్ను 1 రూపాయి 80 పైసలు. అక్క రంగుల దుకాణంలో 11.80 ఇస్తుంది.

నంబరు ఉంటే ఆ 1.80 అక్కకు జమ అవుతుంది. నంబరు లేకపోతే జమ కాదు. అది ఖర్చులో కలిసిపోతుంది.

అంటే నంబరు లేకపోవడం వల్ల బొమ్మకు నిజంగా పోయేది 1.80 మాత్రమే. అది అక్క ముందే మోస్తున్నది. దాని మీద ఇంకో 5 రూపాయలు కూడా తగ్గిస్తే రెండుసార్లు నష్టపోయినట్టు.

అందుకే ధర కట్టేటప్పుడు కర్ర, రంగు, కూలి అన్నీ రాసుకోవాలి. రంగు ధరలో పన్ను కూడా కలిపి రాయాలి.

మూడో మాట: "మీ పన్ను నేనే కట్టాలె"

2017లో జీఎస్టీ మొదలైనప్పుడు ఇట్లాంటి నియమం ఉండేది. నంబరు లేనివారి దగ్గర కొంటే, కొన్నవారే పన్ను కట్టాలని ఉండేది. 2017 అక్టోబరులో దాన్ని ఆపివేశారు. 2019 ఫిబ్రవరి నుంచి చట్టమే మారింది. ఇప్పుడు ఇళ్లు కట్టి అమ్మేవారిలాంటి కొందరికే ఆ నియమం ఉంది. బొమ్మలు కొనే దుకాణందారుకు లేదు.

కొన్ని సరుకులకు మాత్రం వేరే పద్ధతి ఉంది. ఆదిలాబాద్ రైతులకు ఇది తెలిసే ఉంటుంది. రైతు దగ్గర పత్తి కొన్న రిజిస్టరు వ్యాపారి పన్ను తానే కట్టాలి. బీడీలకు వాడే తునికాకుకు కూడా ఇదే పద్ధతి. పత్తి బేరం చేసే సేటు అదే మాట బొమ్మల బేరంలో కూడా అనవచ్చు. కాని బొమ్మలకు, లడ్డూలకు, పచ్చళ్లకు ఆ నియమం లేదు.

నంబరు ఎప్పుడు తీసుకోవాలి?

తెలంగాణలో ఏడాది అమ్మకం 20 లక్షల రూపాయలు దాటితే నంబరు తీసుకోవాలి. దాటిన 30 రోజుల లోపు దరఖాస్తు పెట్టాలి.

ఇక్కడ మూడు సంగతులు గుర్తు పెట్టుకోవాలి.

ఒకటి. 20 లక్షలు అంటే లాభం కాదు. మొత్తం అమ్మకం. ఖర్చులు తీసేయకుండా లెక్క పెట్టాలి. నెలకు సుమారు 1 లక్షా 66 వేలు అమ్మితే ఏడాదికి 20 లక్షలవుతాయి.

రెండు. లెక్క పాన్ కార్డు మీద నడుస్తుంది. సంఘం పాన్ మీద జరిగిన అమ్మకం సంఘం లెక్కలోకి వస్తుంది. అక్క సొంత పాన్ మీద జరిగిన అమ్మకం అక్క లెక్కలోకి వస్తుంది. రెండూ కలిపి రాయవద్దు. సంఘం పైసలు అక్క సొంత ఖాతాలో వేయించుకుంటే లెక్క చిక్కుపడుతుంది.

మూడు. కొందరు "40 లక్షల దాకా నంబరు అక్కర లేదు" అంటారు. ఫోనులో వీడియోలలో కూడా ఈ మాట వినిపిస్తుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి సరుకులు అమ్మేవారికి చాలా రాష్ట్రాల్లో 40 లక్షలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలే. కాని తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. ఆదిలాబాద్ అక్కలు 20 లక్షలే లెక్క పెట్టుకోవాలి.

20 లక్షలు దాటకపోయినా ఇష్టం ఉంటే నంబరు తీసుకోవచ్చు. దరఖాస్తుకు సర్కారు ఫీజు ఏమీ లేదు. కాని తీసుకున్నాక బాధ్యత ఉంటుంది. లెక్కల కాగితం అంటే రిటర్ను వేళకు పెట్టాలి. అమ్మకం లేని నెలల్లో కూడా రిటర్ను పెట్టాలి. ఆలస్యమైతే రోజుకు ఇంత అని రుసుము పడుతుంది. ఇంట్లోకి కొనే గిరాకీ దగ్గర కూడా పన్ను తీసుకోవాలి.

ఇంకో సంగతి. అక్క రిటర్ను పెడితేనే దుకాణందారుకు పన్ను జమ అవుతుంది. అక్క పెట్టకపోతే అతనికి జమ ఆగిపోతుంది. అప్పుడు అతను నిజంగానే నష్టపోతాడు. మళ్లీ బేరానికి రాడు.

కాంపోజిషన్ అనే తేలిక పద్ధతి కూడా ఉంది. అందులో ఉన్నవారు అమ్మకం మీద 1 శాతం తమ పైసల నుంచి కడతారు. కొనేవారి దగ్గర పన్ను తీసుకోకూడదు. వారి దగ్గర కొన్న దుకాణందారుకు పన్ను జమ ఉండదు. పక్క రాష్ట్రానికి అమ్మకూడదు. టోకు బేరం ఎక్కువ ఉన్నవారు ఈ పద్ధతిలో చేరే ముందు ఆలోచించుకోవాలి.

పెన్‌గంగ దాటితే ఏమవుతుంది?

ఆదిలాబాద్ నుంచి మహారాష్ట్ర దగ్గర. పెన్‌గంగ దాటితే పక్క రాష్ట్రమే. నాగపూర్, చంద్రాపూర్, నాందేడ్ నుంచి కూడా గిరాకీ వస్తుంది.

పక్క రాష్ట్రానికి సరుకు పంపితే నియమం మారుతుంది. అమ్మకం 20 లక్షలు దాటకపోయినా నంబరు ఉండాలి. వెయ్యి రూపాయల సరుకు పంపినా ఇదే నియమం.

అయితే చేతిపని వస్తువులకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఇదే నిజమైన మినహాయింపు. ఇది కొనేవారికి కాదు. చేసి అమ్మేవారికి. ఎక్కువ భాగం చేతితో చేసిన వస్తువు కావాలి. సర్కారు జాబితాలో ఉండాలి. చేతితో చేసిన కొయ్యబొమ్మలు, ఇత్తడి కళావస్తువులు ఆ జాబితాలో ఉన్నాయి. ఏడాది అమ్మకం 20 లక్షల లోపు ఉండాలి. పాన్ కార్డు ఉండాలి. సరుకుతో పాటు ఈ-వే బిల్లు పంపాలి. సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు కావాలి. అది లేకుండా బండి ఎక్కిస్తే దారిలో ఆపవచ్చు.

ఇప్పపువ్వు లడ్డూలు, పచ్చళ్లు తినే సరుకులు. అవి చేతితో చేసినా ఆ జాబితాలో లేవు. వాటిని నాగపూర్ దుకాణానికి పంపాలంటే నంబరు తీసుకోవాలి. హైదరాబాద్, కరీంనగర్‌కు పంపితే 20 లక్షల దాకా అక్కర లేదు.

పెద్ద ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మితే

వాట్సాప్‌లో ఫోటో పెట్టి సొంతంగా అమ్మడం ఒక పద్ధతి. దానికి మామూలు నియమాలే.

పెద్ద ఆన్‌లైన్ కంపెనీ ద్వారా అమ్మడం ఇంకో పద్ధతి. ముందు అట్లా అమ్మాలంటే ఎంత చిన్నవారైనా నంబరు ఉండాల్సిందే. 2023 అక్టోబరు 1 నుంచి ఈ నియమం సడలించారు. సరుకులు అమ్మే చిన్నవారు నంబరు లేకుండా అమ్మవచ్చు. కాని షరతులున్నాయి. పాన్ ఉండాలి. జీఎస్టీ వెబ్‌సైటులో పేరు రాయించుకుని నమోదు సంఖ్య తీసుకోవాలి. ఆ సంఖ్య వచ్చాకే అమ్మకం మొదలుపెట్టాలి. సొంత రాష్ట్రంలోనే అమ్మాలి. ఈ కంపెనీల ద్వారా పక్క రాష్ట్రానికి పంపాలంటే జీఎస్టీ నంబరు తీసుకోవాలి. చేతిపని వస్తువులకైనా అంతే.

బిల్లు ఎట్ల రాయాలి?

నంబరు లేనివారు కూడా బిల్లు రాసి ఇవ్వాలి. చిన్న బిల్లు పుస్తకం కొంటే సరిపోతుంది. కింద కార్బన్ కాగితం పెట్టి రాస్తే ఒక నకలు మిగులుతుంది.

బిల్లులో ఇవి ఉండాలి.

1. బిల్లు వరుస సంఖ్య, తారీఖు
2. అమ్మిన సంఘం పేరు, ఊరు
3. కొన్న దుకాణం పేరు, ఊరు
4. సరుకు పేరు, ఎన్ని, ఒక్కోటి ఎంత
5. మొత్తం
6. ఇచ్చింది ఎంత, ఉద్దెర ఎంత
7. ఇద్దరి సంతకాలు

నంబరు లేనివారు బిల్లులో "పన్ను" అని ఒక్క రూపాయి కూడా రాయకూడదు. దుకాణందారు "ఊరికే 5 శాతం అని రాసి ఇయ్యుండ్రి, నాకు పనికొస్తది" అనవచ్చు. అస్సలు రాయవద్దు. నంబరు లేకుండా పన్ను వసూలు చేయడం నేరం. జరిమానా 10 వేల రూపాయలకు తగ్గదు. ఆ రాతతో అతనికి జమ కూడా రాదు.

ఇంకొకరి నంబరు వేసి బిల్లు ఇవ్వడం కూడా తప్పే. సంఘం నంబరును బయటివారికి వాడుకోవడానికి ఇవ్వకూడదు.

కొనేవారి నంబరు సరైనదేనా?

జీఎస్టీ నంబరులో అంకెలు, అక్షరాలు కలిపి 15 ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. తెలంగాణకు 36. ఆంధ్రప్రదేశ్‌కు 37. మహారాష్ట్రకు 27. తరువాతి పది పాన్ నంబరు.

జీఎస్టీ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి చూడవచ్చు. పైసలు అక్కర లేదు. పేరు, ఊరు, నంబరు నడుస్తున్నదా లేదా అన్నీ కనిపిస్తాయి. "నేను హైదరాబాద్ హోల్‌సేల్ వాణ్ని, సరుకు పంపు, పైసలు తరువాత వేస్తా" అని కొత్తవారు ఫోను చేస్తే ముందు ఈ పని చేయాలి. నంబరు అడగాలి. చూడాలి. ఆ తరువాతే ఉద్దెర మాట. నంబరు సరైనదైతే ఆ దుకాణం ఉన్నదని మాత్రమే తెలుస్తుంది. పైసలిస్తారని కాదు. కొత్త బేరంలో సగం పైసలు ముందే తీసుకోవడం మంచిది.

అర్థం కాకపోతే వాణిజ్య పన్నుల శాఖ కార్యాలయంలో అడగవచ్చు. మండల సమాఖ్యలో లెక్కలు తెలిసిన అక్కను అడగవచ్చు. ఎవరు చెప్పినా కాగితం మీద లెక్క వేసి చూపించమనాలి. చదవడం, రాయడం నేర్చుకున్న అక్క చేతిలో పెన్ను ఉన్నది. నూరు రూపాయల బొమ్మకు నూరు రూపాయలు రాకపోతే ఎందుకు రాలేదో ఆమె లెక్క వేసి అడగగలదు.

మాటలు – అర్థాలు

మారుబేరం: మళ్లీ అమ్మడానికి కొనడం
పన్ను జమ: కొన్నప్పుడు ఇచ్చిన పన్ను లెక్కలో తిరిగి కలిసిరావడం
రిటర్ను: అమ్మకం, కొనుగోలు, పన్ను లెక్క సర్కారుకు తెలపడం
ఉద్దెర: అప్పు
ఈ-వే బిల్లు: సరుకు బండిలో పోయేటప్పుడు వెంట ఉండాల్సిన రసీదు

లెక్క చేయండి

1. ఒక బొమ్మ ధర 200 రూపాయలు. పన్ను 5 శాతం. నంబరు ఉన్న అక్క దుకాణందారు దగ్గర మొత్తం ఎంత తీసుకోవాలి? నంబరు లేని అక్క ఎంత తీసుకోవాలి?

2. దుకాణందారు ఆ బొమ్మను 300 రూపాయలకు, పన్ను అదనంగా తీసుకుని అమ్మాడు. రెండు బేరాల్లోనూ అతనికి ఎంత మిగిలింది?

3. ఒక సంఘం నెలకు 90 వేల రూపాయల సరుకు అమ్ముతున్నది. ఏడాదికి ఎంత? ఆ సంఘం తెలంగాణలోనే అమ్మితే నంబరు తీసుకోవాల్సిందేనా?

సంఘంలో మాట్లాడుకోండి

మీ సంఘం పోయిన నెలలో టోకుగా ఎవరికి అమ్మింది? ఎంత ధరకు అమ్మింది? ఆ ధరలో పన్ను పేరు చెప్పి ఏమైనా తగ్గించారా? బిల్లు పుస్తకం తీసి, ఇక్కడి లెక్కతో పోల్చి చూడండి.